మిల్లు బ్యాండులో ఇరవై నాలుగో మనిషి

నెల్లిపూడి జూటు మిల్లు గేటు ఎదుట దాలినాయుడనే పెద్దాయన ఉండేవాడు, ఆయన జ్ఞాపకం ఎంత గట్టిదో పట్టిన పగ కూడా అంత గట్టిది.

మిల్లు మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. నడిచిన రోజుల్లో మాత్రం దానికి ఒక బ్యాండు ఉండేది. ఎర్ర కోట్లు, తెల్ల ప్యాంట్లు, తలపాగాకు బంగారు కుచ్చు. పన్నెండు బ్యూగుళ్ళు, ఎనిమిది సైడు డ్రమ్ములు, రెండు జతల పెద్ద తాళాలు. దసరాకు జిల్లా మైదానంలో మిల్లుల బ్యాండ్లకు పోటీ పెట్టేవారు. నెల్లిపూడి బ్యాండు వరసగా మూడు దసరాలు కప్పు తెచ్చింది. అలాంటి మూడేళ్ళు ఆ ఊరికి ముందూ లేవు, తరవాతా లేవు.

దాలినాయుడు బ్యాండులో వాయించినవాడు కాదు. నేత ఖాతాలో, మగ్గాల దగ్గర పనిచేసేవాడు. కానీ బ్యాండు ఎక్కడికి పోతే అక్కడికి సొంత ఖర్చుతో, సొంత చద్దిమూటతో వెంటబడేవాడు. అలా తిరిగినవాళ్ళు ఇంకో నలుగురైదుగురు మిగిలారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ మిల్లు గేటు ఎదుటి అసిరయ్య సోడా కొట్టు దగ్గర బల్ల మీద చేరేవారు. చేరాక ఇంకేం మాట, ఆ మూడు దసరాల మాటే.

"రెండో ఏడు కదూ వాన కురిసింది?" అనేవాడు ఒకడు.

"మొదటి ఏడు," అనేవాడు దాలినాయుడు. "బ్యూగుళ్ళలో నీళ్ళు నిండితే వొంపేసి మరీ ఊదారు. రెండో ఏడు రైలు ఆలస్యమై స్టేషను నుంచి మైదానం దాకా వాయిస్తూనే నడిచారు. నువ్వు ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నావు. నీకేటి తెలుసు?"

తప్పు చెప్పినవాడితో ఆయన నెల రోజులు మాట్లాడేవాడు కాదు. ఎదురుపడితే సోడా సగంలో వదిలేసి లేచిపోయేవాడు. ఆ బాధ పడలేక మిగతావాళ్ళు చెప్పడం మానుకున్నారు. చెప్పడం మానుకుంటే మరిచిపోవడం ఎంతసేపు? చివరికి ఆ మూడేళ్ళ కథంతా దాలినాయుడి నోట్లోనే మిగిలింది.

కథ అయిపోయాక ఆయన పేర్లు చదివేవాడు. కాగితం లేదు, ఆయనకు చదువూ లేదు. బ్యాండు నడిచిన క్రమంలో, ముందు బ్యాండు మేస్త్రీ డేవిడు, తరవాత వరస వెంట వరస, ఎడమ నుంచి కుడికి. ఒక్క పేరు అటూ ఇటూ అయ్యేది కాదు. మొత్తం ఇరవై మూడు పేర్లు.

బ్యాండులో ఉన్నవాళ్ళు ఇరవై నలుగురు.

చివరి వరసలో ఇద్దరు తాళాలవాళ్ళ మధ్య పెద్ద డోలు నడిచేది. వాయించేవాడు పోలయ్య. వయసులో ఉన్నప్పుడు దాలినాయుడు తనకూ ఒక ఎర్ర కోటు కావాలని బ్యాండులో చేరడానికి వెళ్ళాడు. సైడు డ్రమ్ము ఇచ్చి వాయించమన్నారు. రెండు నిమిషాలు విని పోలయ్య పుల్లలు ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. "నాయుడూ, నీ చెయ్యి చెవి మాట వినటం లేదు. నువ్వు వినడానికే పుట్టావు. చప్పట్లు కొట్టు, చాలు," అన్నాడు. అందరూ నవ్వారు. పోలయ్య మర్నాటికి ఆ మాట మరిచిపోయి ఉంటాడు. దాలినాయుడు మరిచిపోలేదు. పోలయ్య చనిపోయాక కూడా మరిచిపోలేదు. అందుకే ఆ పేరు మింగేశాడు.

ఇలా ఉండగా ఊరి మైదానంలో కొత్త వేదిక కట్టారు. దాని పక్కన నల్లరాయి నిలబెట్టి బ్యాండువాళ్ళ పేర్లు చెక్కించాలని ఊరివాళ్ళు అనుకున్నారు. మిల్లు కాగితాలు చెదలు తినేశాయి. వాయించినవాళ్ళు చనిపోయారు. వాళ్ళ పిల్లలు పని వెతుక్కుంటూ ఏ సూరతుకో, ఏ మద్రాసుకో పోయారు. అప్పుడు డ్రిల్లు మాస్టారు జోగారావు దాలినాయుడి దగ్గరకు వచ్చాడు.

"మీ నోటి మాటే ఆధారం తాతగారూ. సోమవారం పొద్దున పుస్తకం తెచ్చుకుని రాసుకుంటాను," అన్నాడు.

ఆ ముందురోజు ఆదివారం. దాలినాయుడు సోడా కొట్టుకు వచ్చేసరికి నూకరత్నం అక్కడ నిలబడి ఉంది. అంగన్‌వాడీలో పనిచేసే మనిషి. పోలయ్య కూతురు.

"పెదనాన్నా, రేపు పేర్లు చెప్తారట కదా. మా నాన్న పేరు కూడా చెప్తారు కదూ?"

"ఏ నాన్న?"

"పెద్ద డోలు పోలయ్య."

దాలినాయుడు మూతి తుడుచుకున్నాడు. "మన బ్యాండులో పెద్ద డోలు లేదమ్మా."

కొట్టువాడు అసిరయ్య తల వంచుకుని, కడిగిన సీసానే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళు రోడ్డు వైపు చూశారు.

"ఆయన పోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు," అంది నూకరత్నం. "ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. రాయి మీద పేరుంటే కనీసం చెయ్యి పెట్టి చూసుకుంటాను. డోలు లేకుండా బ్యాండు ఎలా నడిచింది పెదనాన్నా?"

"బాగానే నడిచింది. మూడు కప్పులు వచ్చాయి."

ఆమె చెంగు భుజం మీదకు లాక్కుని వెళ్ళిపోయింది. కాసేపటికి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచారు. అసిరయ్య గోనెపట్టా పరుచుకుని నిద్రపోయాడు. రోడ్డు మీద పిట్ట లేదు. ఎండ తెల్లగా కాస్తోంది.

దాలినాయుడు రేపటి కోసం పేర్లు ఒకసారి గట్టిగా చదువుకుందామనుకున్నాడు. "డేవిడు మేస్త్రీ," అన్నాడు.

మూసిన మిల్లు లోపల ఒక అడుగు పడింది.

ఏదో రేకు జారి ఉంటుందనుకున్నాడు. రెండో పేరు చెప్పాడు. రెండో అడుగు పడింది. మూడో పేరుకు మూడోది. ఆపుదామనుకున్నాడు కానీ నోరు ఆగలేదు. ఇరవై మూడు పేర్లకు ఇరవై మూడు అడుగులు పడ్డాయి. తరవాత కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తరవాత అడుగులన్నీ కలిసి నడవడం మొదలుపెట్టాయి.

ఆ నడక ఆయనకు తెలుసు. ప్రపంచంలో ఇంకే బ్యాండుకూ ఆ నడక లేదు. ఆయన గేటు చువ్వల మధ్య నుంచి దూరి, ముళ్ళకంపలు తప్పించుకుంటూ పెద్ద షెడ్డులోకి పోయాడు.

పైకప్పు చిల్లుల్లోంచి ఎండ గీతలుగా పడుతోంది. పాత జనపనార దుమ్ము గాలిలో నిలబడిపోయి ఉంది. ఆ దుమ్ములోంచి బ్యాండు వచ్చింది. ఎర్ర కోట్లు, బంగారు కుచ్చులు, పెదవుల దగ్గర బ్యూగుళ్ళు. నడక చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. గోడ దాకా నడిచారు, తిరిగారు, మళ్ళీ ఈ గోడ దాకా వచ్చారు. దాలినాయుడి గుండె పొంగిపోయింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. ఇరవై మూడు. చివరి వరసలో ఇద్దరు తాళాలవాళ్ళ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీని వాళ్ళు చెదరనివ్వటం లేదు.

అప్పుడు ఆయన కిందకు చూశాడు. వాళ్ళకు బూట్లు లేవు. పాదాలు కూడా లేవు. చీలమండల దాకా అరిగిపోయాయి. అయినా అడుగు చప్పుడు మాత్రం వస్తూనే ఉంది.

డేవిడు మేస్త్రీ నడక ఆపకుండానే తల తిప్పాడు. "వచ్చావా నాయుడూ. ఎన్నేళ్ళయిందో లెక్క ఉందా?"

"ఏటిది మేస్త్రీ? ఎందుకిలా తిరుగుతున్నారు?"

"నువ్వు పిలిస్తే వచ్చాం. ప్రతి ఆదివారం పిలుస్తున్నావు. ఆపేవాణ్ణి మాత్రం పిలవటం లేదు. మా బ్యాండు కదలాలంటే నా కర్ర చాలు. ఆగాలంటే పెద్ద డోలు మీద జంట దెబ్బ పడాలి. ఆ సంగతి నీకు తెలీదా? అన్నీ తెలిసినవాడివి."

దాలినాయుడికి తెలుసు.

"పేరు చెప్పు," అన్నాడు మేస్త్రీ.

"అదొక్కటి అడక్కు."

"మాకు ఇంకేం అక్కర్లేదు."

దాలినాయుడు చుట్టూ చూశాడు. మూల ఒక ఖాళీ నూనె పీపా కనబడింది. రాయి తీసుకుని దాని మీద రెండు దెబ్బలు కొట్టాడు. బ్యాండు ఆగలేదు. సైడు డ్రమ్ముల వరసలోంచి ఎవరిదో మెల్లని గొంతు వినిపించింది. "ఇంకా చెయ్యి కుదరలేదు పాపం."

ఆయన ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి బయటకు పోబోయాడు. కాళ్ళు బయటకు పోలేదు. వాటంతట అవే వరస వైపు నడిచి, ఇద్దరు తాళాలవాళ్ళ మధ్య ఖాళీలోకి చేరాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆపుదామంటే కాలు ఆయన మాట వినలేదు. పక్కవాళ్ళ కోట్లు రాసుకుంటే చల్లగా తగిలింది.

గోడ దగ్గర తిరిగినప్పుడల్లా మేస్త్రీ ఒకే మాట అడిగాడు. "పేరు?" దాలినాయుడు పెదవులు బిగించాడు. నాలుగో చుట్టుకు చెప్పుల అట్టలు అరిగిపోయాయి. ఏడో చుట్టుకు మడమలు మండాయి. పదో చుట్టుకు ఆ మంట కూడా తెలియలేదు. అంత భయం ఆయన పుట్టి ఎరగడు. కిందకు చూడటానికి ధైర్యం చాలలేదు.

"పోలయ్య," అన్నాడు గొంతులోనే.

"వినబడలేదు."

"పెద్ద డోలు, పోలయ్య."

రెండు దెబ్బలు పడ్డాయి. ఎక్కడి నుంచో తెలియలేదు. పైకప్పు దుమ్మంతా ఒక్కసారి కిందకు రాలింది. బ్యాండు ఆగింది. ఇరవై ముగ్గురూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎంతో దూరం నడిచి ఇంటి గడపలో కూర్చున్నవాళ్ళు వదిలే ఊపిరి అది.

దాలినాయుడు నేల మీద కూలబడ్డాడు. పాదాలు ఉన్నాయి, బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఇక వెళ్తాం," అన్నాడు మేస్త్రీ. "మా పేర్లు మేం తీసుకుపోతాం. మళ్ళీ పిలిచి తిప్పుతావేమోనని భయం. పోలయ్య పేరు నీ దగ్గరే ఉండనీ. దాన్ని నువ్వు ఎప్పుడూ వాడలేదు కదా."

ఒక్కొక్కరే ఆయన ముందు నుంచి పోయారు. పోతూ పోతూ ప్రతివాడూ ఆయన పెదవుల మీద వేలు ఆనించాడు. ఇరవై మూడుసార్లు చల్లగా తగిలింది. తరవాత షెడ్డులో ఎండ తప్ప ఇంకేమీ లేదు.

సోమవారం పొద్దున జోగారావు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "చెప్పండి తాతగారూ."

"పెద్ద డోలు, పోలయ్య," అన్నాడు దాలినాయుడు. తరవాత నోరు తెరిచే ఉంచాడు. ఏమీ రాలేదు. ముందు వరసలో ఎవరో నడిచారు, ముఖాలు కూడా కనబడుతున్నాయి. పేర్లు మాత్రం లేవు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు.

బల్ల దగ్గరివాళ్ళను అడిగారు. వాళ్ళు నాలుగైదు పేర్లు అనుకున్నారు. ఒకడు అప్పన్న అంటే ఇంకొకడు అప్పన్న కాదు, వాడి తమ్ముడన్నాడు. ఎవరి మాటా ఎవరూ ఒప్పుకోలేదు. సరిదిద్దాల్సిన దాలినాయుడు నోరు మూసుకుని కూర్చున్నాడు. అందరూ ఒప్పుకున్న పేరు ఒక్కటే తేలింది.

నల్లరాయి మీద ఆ ఒక్క పేరే చెక్కారు. ఇరవై నాలుగు పేర్లకు సరిపడా తెప్పించిన పలక. మిగతాదంతా నున్నగా మిగిలింది.

నూకరత్నం వచ్చి అక్షరాల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. తరవాత ఆ నున్నటి రాయిని కూడా పైనుంచి కింద దాకా తడిమింది.

"మిగతావాళ్ళేరి పెదనాన్నా?" అని అడిగింది. "మా నాన్న ఒక్కడే నడిచాడా?"



పదిమంది గొప్పను చెప్పేవాడు తన పగను అందులో కలపకూడదు. కావాలని ఒక్కణ్ణి మరిచినవాడు చివరికి అందరినీ పోగొట్టుకుంటాడు.