అయ్యవారి పాడెకు నలుగురు

మస్తానయ్య స్వామికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే చేతికర్ర అందుకుని లేచేవాడు. అడిగినవాడు వెంట నడవాలి. దారిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకుంటే కాళ్లకు నడక మిగిలినట్టు. పేట చివర రేకుల కొట్టంలో ఉండేవాడు, తత్వాలు పాడేవాడు. శిష్యులమని చెప్పుకునేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ప్లీడరు రుక్మాంగదం ఒకడు. వాదనలో ఆయన్ను కొట్టినవాడు లేడు గానీ నడకంటే మాత్రం ఆయనకు బద్ధకం.

పెన్న ఒడ్డున ఉన్న మా పేటలో రెండు సంఘాలు ఉన్నాయి. నవచేతన సంఘం వాళ్లు తాము ఉదారవాదులమని, కాలంతో పాటు నడుస్తామని అంటారు. సదాచార మండలి వాళ్లు పెద్దలు పెట్టిన కట్టుబాటును కాపాడతామని అంటారు. అటువాళ్లు ఇటువాళ్లను 'లిబరల్ గాళ్లు' అంటే, ఇటువాళ్లు అటువాళ్లను 'చాదస్తం బ్యాచ్' అంటారు. ఆదివారం సాయంత్రం గ్రంథాలయం వసారాలో ఇద్దరికీ చర్చ జరుగుతుంది. అక్కడొక నియమం ఉంది. మెడలో కండువా లేనిదే ఎవరూ నోరు తెరవకూడదు. సంఘానిది నీలి కండువా, మండలిది గంధం రంగు కండువా. మాట్లాడేవాడు లేచేసరికే వినేవాళ్లు ఆ రంగు చూసి చప్పట్లకో ఈలలకో సిద్ధమైపోతారు. ఒకసారి మండలి పెద్ద విఠలరావు, పిల్లలకు ముందు తెలుగు చక్కగా రావాలని చెప్పాడు. ఆలస్యంగా వచ్చిన సంఘం మనిషి రుక్మాంగదం ఆ సంగతి తెలియక తనూ అదే మాట చెప్పాడు. మొదట ఈలలు వేసినవాళ్లే చప్పట్లు కొట్టారు, చప్పట్లు కొట్టినవాళ్లే ఈలలు వేశారు. ఎవరికీ నవ్వు కూడా రాలేదు.

ఒక ఎండాకాలం రోజు, పొద్దు బాగా ఎక్కాక, రుక్మాంగదం మెడలో నీలి కండువాతో చెమటలు కారుస్తూ కొట్టానికి వచ్చాడు. వచ్చీ రాగానే చాప మీద చతికిలబడి అడిగాడు.

"స్వామీ, మనసు తలుపులు తెరిచి పెట్టుకోమని మీరు అంటుంటారు. తెరిచిన ఇంట్లో కుక్కలు దూరవా? అవతలివాడు మన పక్షం కాదని తెలిసిపోయాక ఇంకా వాడి మాట వినేదేముంది?"

"ఎవరి మాట వినలేదు నువ్వు?" అన్నాడు స్వామి.

"ఎవరిదని కాదు స్వామీ, మామూలుగా అడుగుతున్నా."

"మామూలుగా అడిగేవాడికి ఇంత చెమట పట్టదు."

రుక్మాంగదం కండువాతో మొహం తుడుచుకుని సంగతి చెప్పాడు. చెన్నకేశవులు అయ్యవారు తెల్లవారుజామున చనిపోయాడు. పేటలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన. కొడుకులు లేరు. ఒక్కతే కూతురు పద్మాక్షి. మూడేళ్లుగా మంచం మీదున్న తండ్రికి అన్నం తినిపించింది, మలమూత్రాలు ఎత్తింది ఆమే. కూతురే తలకొరివి పెట్టాలని, మంత్రాలూ తంతులూ ఏవీ ఉండకూడదని సంఘం తీర్మానించింది. పత్రికల వాళ్లకు కబురు కూడా వెళ్లింది. పురోహితుణ్ణి పిలవాలని, ఆడపిల్ల శ్మశానానికే రాకూడదని మండలి పట్టుబట్టింది. జమ్మలమడుగు నుంచి అయ్యవారి తమ్ముడి కొడుకును తెప్పించి కూర్చోబెట్టింది.

"మరి ఆ బిడ్డ ఏమంటుంది?"

"అదే గదా స్వామీ చిక్కు. మంత్రాలూ ఉండాలంట, కొరివీ తనే పెట్టాలంట! ఇటో అటో తేల్చుకోమ్మా అంటే పలకదు. అటు ఒక కాలు, ఇటు ఒక కాలు పెడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

"పాడె లేచిందా?"

"లేదు. చర్చ జరుగుతోంది."

స్వామి చేతికర్ర అందుకున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి అయ్యవారి ఇంటి ముందు వీధికి రెండు పక్కలా ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఈ పక్క నీలం, ఆ పక్క గంధం. నడుమ, సగం నీడా సగం ఎండా పడే చోట, పచ్చివెదురు పాడె మీద అయ్యవారు ఉన్నాడు. ఎండ అప్పటికే ఆయన మోకాళ్ల దాకా వచ్చింది. ఛాతీ మీద ఒక నీలి కండువా, దాని మీద ఒక గంధం రంగు కండువా, దాని మీద మళ్లీ ఒక నీలి కండువా కప్పి ఉన్నాయి. నివాళికి వచ్చిన ప్రతివాడూ అంతకుముందు వాడి కండువా కనబడకుండా తనది కప్పి వెళ్లాడన్నమాట. పురోహితుడు అరుగు మీద విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఆయనను అడిగితే, "దర్భలు, నువ్వులు సిద్ధంగా ఉన్నాయి. చేసేది కూతురైనా నాకు అభ్యంతరం లేదు. మీ గొడవే తెమలాల" అన్నాడు.

గొడవ మాత్రం జోరుగా సాగుతోంది.

"ఒకప్పుడు ఆడపిల్ల బడికి పోతే కూడా మీరు ఇదే అన్నారు!" అని ఇటునుంచి ఒకడు.

"రేపు శవానికి కేకు కోయమంటారు మీరు!" అని అటునుంచి ఒకడు.

"అయ్యవారు మా మనిషి. శ్మశానంలో అన్ని కులాలకూ ఒకే చోటని కొట్లాడినోడు."

"పోవయ్యా, ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. మీ మనిషి ఎట్లవుతాడు?"

పద్మాక్షి తండ్రి తల దగ్గర నేల మీద కూర్చుని తాటాకు విసనకర్రతో ఈగలు తోలుతోంది. ఏడుపు అయిపోయిన మొహం. మస్తానయ్య స్వామి నేరుగా వెళ్లి ఆమె ముందు కూర్చున్నాడు.

"ఏం గావాలమ్మా నీకు?"

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. పొద్దుటినుంచి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదని ఆ చూపే చెప్పింది.

"నలుగురు గావాల స్వామీ. మా నాయనను మోసేదానికి. అంతే."

విఠలరావు గొంతు సవరించుకున్నాడు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పొడగరి, మాట నెమ్మది. "నలుగురు కాదమ్మా, నలభై మంది మోస్తారు. కానీ శాస్త్రం కావాలంటూనే శాస్త్రం చెప్పింది వద్దంటే ఎట్లా?"

"అదే నేనూ అడుగుతున్నా," అన్నాడు రుక్మాంగదం, జీవితంలో మొదటిసారి ఆయనతో ఏకీభవించి. "నిన్ను గడప దాటనివ్వని మంత్రాలనే నువ్వు నెత్తిన పెట్టుకుంటే, మేము నీ తరఫున మాట్లాడేదెట్లా?"

పద్మాక్షి విసనకర్ర ఆపింది.

"సార్, ప్లీడరుగారూ, మీరిద్దరూ మా నాయన దగ్గర చదువుకున్నోళ్లే గదా. ఆయన ప్రశ్న సగం అడగంగానే చెయ్యెత్తినోణ్ణి ఏం చేసేవాడు?"

వెనక వరసలో ఎవరో, "బెంచీ ఎక్కించేవాడు" అన్నారు. రెండు వైపులా నవ్వారు. చావు ఇంట్లో నవ్వినందుకు మళ్లీ తమాయించుకున్నారు.

"బెంచీలు ల్యావు ఈడ. లేచి నిలబడి నేను చెప్పేది పూర్తిగా వినండి, చాలు."

విఠలరావు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. రుక్మాంగదం అప్పటికే నిలబడి ఉన్నాడు కాబట్టి ఆయనకు లేచే పని తప్పింది.

"పోయిన నెల మా నాయన నా చెయ్యి పట్టుకోని చెప్పినాడు. 'మంత్రాలు చదివించు పాపా, నాకు అర్థాలు పట్టింపు లేదు, మా నాయన పోయినప్పుడు విన్నా, నాకూ అవే వినబడాల' అన్నాడు. 'కొరివి మాత్రం నువ్వే పెట్టు, నీ చేతి నీళ్లు తాగి బతికినోణ్ణి, ఇంకొకడి చేతిలో ఎందుకు పోతాను' అన్నాడు. నేను సరే అన్నాను. అంతే సార్ నాకు తెలిసింది. ఇందులో మీ సంఘం ఎంతుందో, మీ మండలి ఎంతుందో మీరు తర్వాత పంచుకోండి. ఎండ మా నాయన నడుం దాకా వచ్చేసింది."

ఆమె లేచి ఛాతీ మీది కండువాలు మూడూ తీసి, మడిచి, అరుగు మీద పెట్టింది. తెల్లటి కొత్త బట్ట ఒక్కటే మిగిలింది.

ఎవరూ కదలలేదు. కదలకపోవడానికి కారణం రాతిగుండె కాదని నేను అనుకుంటాను. ప్రతివాడూ తన పక్క పెద్ద మొహం చూస్తున్నాడు. మంత్రం వెనక నడిస్తే రుక్మాంగదాన్ని ఆదివారం సొంతవాళ్లే నిలదీస్తారు. ఆడపిల్ల నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తుంటే వెనక మోసిన విఠలరావుకు మండలిలో కుర్చీ ఉండదు. ఇంత కాలం వాళ్లు మాటలతో కట్టుకున్న పరువు అది. చిన్న సంగతి కాదు.

మస్తానయ్య స్వామి పైపంచె బిగించి కట్టుకుని, పాడె ముందు కొమ్ము దగ్గర వంగి కూర్చున్నాడు. ఎవరినీ పిలవలేదు. ఆయన వయసు అయ్యవారి కంటే తక్కువేమీ కాదు. వంగినప్పుడు మోకాళ్లు చప్పుడు చేశాయి.

మొదట కదిలింది విఠలరావు. భుజం మీది గంధం రంగు కండువా తీసి, వెదురు ఒరుసుకోకుండా నాలుగు మడతలు వేసి భుజానికి పెట్టుకున్నాడు.

"సార్, మీరేంది సార్!" అన్నాడు వెనక ఒకడు.

"నేను ఒప్పుకోలేదు," అన్నాడు విఠలరావు. "ఆడపిల్ల కొరివి పెట్టడం తప్పనే అంటాను, రేపూ అదే అంటాను. మా అయ్యవారు ఎండలో ఉండటం అంతకంటే తప్పు."

ఆయన వెనక కొమ్ము పట్టుకున్నాడు. రుక్మాంగదం ఇంకా అక్కడే ఉన్నాడు. ఇన్నేళ్ల చర్చల్లో అవతలివాడు 'నేను ఒప్పుకోలేదు' అన్న తరువాత ఏం చేస్తాడో ఆయన ఎప్పుడూ ఆగి చూడలేదు. నీలి కండువా మడిచి, స్వామి పక్కన ముందు కొమ్ము పట్టాడు.

"ఏం ప్లీడరుగారూ, ముందర మంత్రాలు చదువుతా ఉంటే వింటా పోతారా?" అని ఇటు కుర్చీల్లోంచి ఎవరో ఎత్తిపొడిచారు.

"చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు," అన్నాడు రుక్మాంగదం.

నాలుగో కొమ్ముకు జమ్మలమడుగు నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు వచ్చాడు. ఏదో ఒక పని దొరికినందుకు అతని మొహం తేటపడింది. పద్మాక్షి నిప్పుకుండ ఉట్టి పట్టుకుని ముందుకు నడిచింది. పురోహితుడు ఆమె పక్కన మంత్రం ఎత్తుకున్నాడు.

పాడె మోసిన వాళ్లకే తెలుస్తుంది, ముందువాడు పొట్టి, వెనకవాడు పొడుగు అయితే బరువంతా ముందువాడి మీదికి జారుతుందని. రుక్మాంగదం పొట్టి. వీధి మలుపు తిరగకముందే ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"ప్లీడరూ, కాస్త ఎత్తు," అన్నాడు వెనకనుంచి విఠలరావు.

"ఎత్తేదానికి నేను పెరగాల సార్. మీరే కొంచెం వంగండి."

"వంగితే నా నడుం పోతుంది."

"వంగకపోతే అయ్యవారు జారి నా నెత్తిన పడతాడు."

విఠలరావు మోకాళ్లు వంచాడు. అలా వంగిన మోకాళ్లతోనే నడిచాడు. ఆ తరువాత వాళ్లిద్దరి మధ్య మాటలు 'నెమ్మది', 'గుంత ఉంది', 'ఎడమకు' అన్నవే.

ఏటి దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాడు పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. మామూలుగా కొడుకు పిలుస్తాడు. పద్మాక్షి నిప్పుకుండ కింద పెట్టి, వంగి, "నాయనా" అని పిలిచింది. రెండోసారి పిలిచేటప్పటికి గొంతు రాలేదు. ఎవరూ ఆ పిలుపు తాము పిలవాలని ముందుకు రాలేదు. ఆమె గొంతు తెచ్చుకునేదాకా అందరూ ఆగారు. పురోహితుడు కూడా మంత్రం ఆపాడు. మూడోసారి పిలిచాక విఠలరావు భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు. రెండు రంగుల కుర్చీల వాళ్లూ అప్పటికి వెనక వచ్చి చేరారు. భుజం మార్చుకునేటప్పుడు కొత్తగా కొందరు ముందుకు వచ్చారు గానీ, రుక్మాంగదం తన కొమ్ము ఎవరికీ ఇవ్వలేదు.

పద్మాక్షి చెప్పినట్టే మంత్రం అయింది, నిప్పు ఆమె చేత్తోనే పడింది. తండ్రికి ఇచ్చిన మాట నిలిచింది. ఆ పైన ఆమె ఇసుకలో కూర్చుని మంటను చూస్తూ ఉండిపోయింది. పత్రికల వాళ్లు వచ్చి, ఇది ఎవరి ఆధ్వర్యంలో జరిగిందని అడిగారు. చెప్పేవాడు లేక వెళ్లిపోయారు.

ఏటి ఒడ్డున బోరు దగ్గర స్నానాలు చేసి, తడి బట్టలతోనే వెనక్కి నడుస్తున్నారు. రుక్మాంగదం భుజం మీద వెదురు గీసుకున్న చోట చర్మం ఎర్రగా లేచింది. దాన్ని రుద్దుకుంటూ స్వామి పక్కన చేరాడు.

"స్వామీ, ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. విఠలరావు మారలేదు. దారిలో మళ్లీ అడిగాను, తప్పు తప్పే అన్నాడు. నేనూ మారలేదు. ఆ మంత్రాల మీద నాకు ఈ పూట కూడా గౌరవం కలగలేదు. ఆదివారం ఇదే విషయం మీద మళ్లీ వాదించుకుంటాం. మరి ఇంత దూరం నడిపించి మీరు నాకు చెప్పిందేంది?"

మస్తానయ్య స్వామి తడి పంచె కొంగు పిండి భుజాన వేసుకున్నాడు.

"వాదించుకోండి నాయనా, వద్దన్నదెవరు? అయ్యవారు ఎంత బరువున్నాడో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు గదా."