తాళం వేసిన సభలో తాటాకు

ఒకానొక తీరరాజ్యంలో, అమ్మవారి చల్లని చూపు కింద, రణమల్లుడనే రాజుండేవాడు. మనసు వెన్నే, నాయనలారా! కాకపోతే తన తీర్పులో తప్పు దొర్లదని మహా నమ్మకం.

ఆ రాజ్యంలో ఒక ఆచారం. పెద్ద చట్టాలు సభ చేస్తుంది. వాటి కింద చిన్న నిబంధనలు మంత్రి రాస్తాడు. రాసిన తాటాకును సభలో పీట మీద తొమ్మిది రోజులు ఉంచాలి. ఆలోగా ఏ సభ్యుడైనా లేచి "ఇది వద్దు" అని మనవి చేసి, సభ ఔనంటే ఆకు చింపేస్తారు. గడువు దాటిందా, ఇక నోరెత్తకూడదు.

రేవులు శుభ్రంగా ఉండాలని సభ చట్టం చేసింది. మంచిదే కదా! మంత్రి వేదాద్రి దాని కింద రాశాడు: "రేవు ఒడ్డున వలలు ఆరబెట్టరాదు. ఆరబెడితే వల జప్తు."

దసరా వెళ్ళిన మర్నాడు సభ తెరిచారు. నూకాలు అనే జాలరి ఆమె పరుగున వచ్చి, సభ్యుడు చెన్నప్పను పట్టుకుంది. చెన్నప్పంటే రాజుగారిని నవ్వించే మనిషి.

"బాబూ, తడివల ఆరకపోతే కుళ్ళిపోద్ది. వల పోతే మా పిల్లలకి కూడెక్కడిది?"

చెన్నప్ప లేచాడు. "మంత్రిగారూ, ఈ ఆకు ఎప్పుడు పెట్టారు?"

"పాడ్యమినాడే!" వేదాద్రి మీసం దువ్వాడు. "తొమ్మిది రోజులూ నిక్షేపంగా పీట మీదే ఉంది. కిక్కురుమన్నవాడు లేడు. గడువు తీరింది."

"నవరాత్రులు కదండీ! సభకు తాళం. మేమంతా అమ్మవారి గుళ్ళో ఉన్నాం."

"ఆచారంలో రోజుల లెక్కే గాని తాళం మాట లేదయ్యా!"

రాజు తల పంకించాడు. "మంత్రి చెప్పిందే సబబు. కూర్చో చెన్నప్పా."

"చిత్తం. రేపు మధ్యాహ్నం మీరిద్దరూ మా ఇంట భోంచేయాలి. కాదనకండి."

మర్నాడు ఇద్దరూ ఆకలి మీద వెళ్ళారు. వాకిట్లోనే చెన్నప్ప తాంబూలం పళ్ళెంతో ఎదురొచ్చాడు. "పులుసు బాగా కుదిరిందా ప్రభూ? ఆకు వేసుకోండి."

"ఇంకా తినలేదు కదయ్యా!"

"పొద్దున్నే వడ్డించాను. జాముసేపు విస్తళ్ళు మీ పీటల ముందే ఉన్నాయి. ఉప్పు చాలలేదని గాని, కారం ఎక్కువైందని గాని ఎవరూ అనలేదు. భోజనం అయిపోయినట్టే!"

"మేము లేనప్పుడు వడ్డిస్తే అది భోజనమా?" రాజు గర్జించాడు.

చెన్నప్ప చేతులు కట్టుకున్నాడు. "సభ లేనప్పుడు పెడితే అది సభ ముందు పెట్టినట్టా ప్రభూ?"

రాజు ఒక్క క్షణం బిగుసుకున్నాడు. తర్వాత వాకిలి దద్దరిల్లేలా నవ్వాడు.

"గెలిచావయ్యా! తాళం వేసిన రోజులు ఇక లెక్కకు రావు. ఆ ఆకు రేపు మళ్ళీ సభ ముందుకు వస్తుంది. ముందు అన్నం పెట్టు!"

లోపల పొగలు కక్కే అన్నం సిద్ధంగానే ఉంది. మంత్రి మూడుసార్లు పులుసు పోయించుకున్నాడు.

మర్నాడు చెన్నప్ప మనవి చేశాడు, సభంతా ఔనంది, ఆకు చిరిగింది. నూకాలు అమ్మవారికి దండం పెట్టి వల ఆరేసుకోవడానికి పరిగెత్తింది.

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి చెన్నప్ప ముందు పట్టుకున్నాడు. "ఇదిగో, నువ్వుండగానే, నిండుసభలో ఇస్తున్నాం. అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పు!"

ఎంతటివాడికైనా ఎదురు చెప్పే చెన్నప్ప, ఆ పూట మాత్రం నోరు మెదపకుండా మెడ వంచాడు నాయనలారా!