పీలికల గంప

"కుయ్ కుయ్ కుక్కా, కోట కుక్కా,
దొంగొస్తే కోర చూపవే,
మనోళ్ళొస్తే..."

కోటంతా వినేలా ఎర్రక్క రోజూ ఇదే పాడేది, కానీ ఆ పైమాట ఆమెకి గుర్తు రాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన పాట మరి!

అనగనగా రాగికోట అనే కోటలో ఎర్రక్క కుక్కపిల్లలకి బడి నడిపేది. బడిలో పలకలు లేవు, ఒక గంప ఉండేది. అందులో కోటలోని ప్రతి ఇంటిదీ ఒక పాత గుడ్డపీలిక. బట్టలుతికే ముత్తన్న తలపాగా, వంట పేరయ్య చేతిగుడ్డ, ఆఖరికి రాజుగారి గోచీ కూడా! ప్రతి పిల్లకీ అన్నీ వాసన చూపించేది. ఏ పీలికని చూసి గుర్రుమన్నా, ఆ పిల్లకి కాపలా కొలువు దక్కదు.

మెత్తడనే కుక్క ఒకటి వింతది. అది పీలికల్ని ఏమీ అనదు. గుర్రుమన్న కుక్కనే మెడ పట్టి కూలేస్తుంది!

ఒక ఏడు పొరుగూళ్ళో దొంగలు పడ్డారు. చండభూపాల మహారాజుకి గుండె జారింది.

"ఎర్రక్కా, కుక్కలన్నిటినీ ఇప్పుడే వదులు!"

"ఇంకా బడి కాలేదు దొరా."

"కుక్కకి కావాల్సింది కోరలు, పీలికలు కాదు. గంప పొయ్యిలో పెట్టు. ఎదురు చెప్పావో, నిన్ను కోట దాటిస్తాను!"

ఎర్రక్క మెత్తణ్ణి మాత్రం కట్టేసి, మిగతా కుక్కల్ని వదిలింది. గంపని కాల్చడానికి ఆమెకి చేతులు రాలేదు. గంపని అటక మీద దాచింది.

మొదటి రోజు కుక్కలు ముత్తన్న మీద పడ్డాయి. అతను మూటతో సహా రేవులో దూకాడు. "ఎంత చురుకో!" అని రాజు మురిసిపోయాడు.

రెండో రోజు పేరయ్యని తరిమాయి. అతను పెద్ద గుండిగ బోర్లించుకుని దాని కింద దాక్కున్నాడు. ఆ పూట కోటంతా పస్తే. "అయినా దొంగ రాలేదు కదా!" అన్నాడు రాజు, కడుపు నొక్కుకుంటూ.

మూడో రోజు రాజుగారికి తలంటు. కిరీటం లేదు, ఒంటినిండా సున్నిపిండి. పెరట్లో అడుగు పెట్టాడో లేదో, పది కుక్కలు!

"నేను మీ రాజునర్రా!" అంటూ గడ్డివామి ఎక్కాడు. సగం గోచీ కుక్కల నోట్లోనే ఉండిపోయింది.

ఎర్రక్క పరుగున వచ్చి మెత్తణ్ణి వదిలింది. ఆ గోచీ వాసన దానికి బడిలోనే తెలుసు. ఒక్కొక్కదాన్నీ మెడ పట్టి కూలేసింది.

రాజు పిక్కకి పసుపు అద్దుతూ వైద్యుడు నవ్వాడు. "ప్రభూ, మన రొమ్ము ఎముక వెనకా ఇలాంటి బడే ఉంది. నెత్తుట్లో తిరుగుతూ రోగాల్ని తరిమే బంట్లకి అక్కడ ఒంటి ఆనవాళ్ళు చూపిస్తారు. సొంత ఒంటినే కరవబోయినవాడికి కొలువు లేదు. కన్నుగప్పి జారిపోయినవాణ్ణి మెత్తడిలాంటివాళ్ళు ఆపుతారు."

"నా లోపలా ఒక గంపా!" అని ఎర్రక్క రొమ్ము తడుముకుంది. గబగబా అటకెక్కి గంప దించుకొచ్చింది.

రాజు సిగ్గుపడుతూ మిగిలిన సగం గోచీ పీలిక అందులో వేసి అన్నాడు: "నీ పాటకి ఆఖరి మాట నేను చెబుతాను ఎర్రక్కా. దొంగని కరవడం సగం విద్యే. తనవాళ్ళని కరవకపోవడం మిగతా సగం."