చివరికి మిగిల్చిన చెయ్యి

"ఒళ్లు పెరిగినవాళ్లకు ప్లేట్‌లెట్లు తగ్గుతాయా, మాస్టారూ?" అని విలాసిని అడిగింది.

రక్తపరీక్షల విభాగంలో పైచదువు చదువుతున్న ఆమెకు ఆ సందేహం అప్పలనరసమ్మ వల్ల కలిగింది. భారీకాయురాలైన ఆ వంటమనిషికి హెర్నియా ఆపరేషన్ జరగాలి. రక్తస్రావాన్ని ఆపే ఆ కణాలు తక్కువున్నాయని ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారీ అంతే అయితే ఇంటికి పంపేస్తామన్నారు సర్జన్.

ఆమెకు పాఠం చెప్పే ఆచార్య పరాంకుశంగారికి పాత శాసనాలంటే ప్రీతి. రాతిమీద ఏముందో చదవడానికి ముందు, ఆ రాయిని ఎవరు కదిలించారని ఆరా తీసే రకం. జవాబివ్వకుండా శిష్యురాలిని వార్డుకు తీసుకుపోయారు.

ఆ వార్డుకొక ఆనవాయితీ ఉంది: నరం తేలిగ్గా దొరికే చేతులు ముందు, దొరకనివి చివర. అప్పలనరసమ్మ వంతు వచ్చేసరికి నర్సు అలిసిపోయింది. పట్టీ బిగించి, సూదితో చాలాసేపు వెతికింది. రక్తం చుక్కచుక్కగా దిగింది. దాన్ని గొట్టంలో పోసి, పక్కన పెట్టి, దూది కోసం వెళ్లింది. గడ్డకట్టనివ్వని మందు గొట్టం అడుగునే ఉండిపోయింది, కలిపినవారు లేరు.

"మనిషి బరువైతే రగతం కూడా కదల్లేదేటి, డాట్రుబాబూ?" అని నవ్వుతూనే ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

పరాంకుశంగారు ఆమె రెండో చేతికి కాపడం పెట్టించారు. "పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలుపుతావమ్మా?"

"పొయ్యి దింపీసినాకేనండి. ముందేత్తే చేదెక్కిపోద్ది."

ఆ మాట పూర్తయ్యేలోగా ఆయన గుచ్చిన సూదిలోకి రక్తం ధారగా వచ్చేసింది. ఆయన గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేస్తూ కలిపి, తన బక్కచేతిని విలాసినికి చాచారు. "ఇందాక నర్సు ఆమెకు తీసినట్టే నాకూ తియ్యి. దయ చూపకు."

విలాసిని మనసొప్పకపోయినా అలాగే చుక్కచుక్కగా తీసి, గొట్టాన్ని కలపకుండా పక్కన పెట్టింది.

మూడు గొట్టాలూ యంత్రంలోకి వెళ్లాయి. మొదటిది ఎప్పటిలాగే తక్కువ. రెండోది ఆపరేషన్‌కు చాలినంత. గురువుగారిది మొదటిదానికన్నా తక్కువ! విలాసిని సూక్ష్మదర్శినిలో చూసింది. తక్కువ వచ్చిన రెంటిలోనూ ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. యంత్రం ఆ గుత్తులను లెక్కలోకే తీసుకోలేదు.

సర్జన్‌కు కబురు వెళ్లింది. మర్నాడే ఆపరేషన్ అన్నారు.

"అయితే స్థూలకాయానికీ ప్లేట్‌లెట్లకూ సంబంధమే లేదన్నమాట," అంది విలాసిని ఉత్సాహంగా.

పరాంకుశంగారు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు. "తొందరపడకమ్మా. ఇన్నాళ్లూ యంత్రం చెప్పింది మనం తీసిన తీరునే; ఆమె రక్తాన్ని మనం అడగడం ఇవాళేగా మొదలుపెట్టాం."