మౌలాలి చూసిన రేల చెట్టు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను కొంచెం తారుమారు చేస్తున్నానేమో. జ్వరం వచ్చాక ఫోను వచ్చిందా, ఫోను వచ్చాక జ్వరం వచ్చిందా అన్నది ఎంత తలచుకున్నా గట్టిగా తేలడం లేదు. ఫోనే ముందనుకుని చెప్పుకుపోతాను.

కొండ మీది దర్గాలో మౌలాలి అని ఒక శిష్యుడు ఉండేవాడు. అతని గురువు జిలానీ తాత. ఆయన పీరు, నాడి చూసి ఆకుమందు ఇచ్చేవాడు కూడా. కింది ఊళ్లలో అన్ని కులాలవాళ్లూ ఆయన్ను తాతా అనే పిలిచేవాళ్లు. దర్గా ఊడవటం, నీళ్లు మోయటం, వచ్చినవాళ్లకు చాప వేయటం మౌలాలి పనులు.

వాటితోపాటు అతను పెట్టుకున్న పని ఇంకొకటి ఉంది. మామూలు జనం చెట్లను కనిపెట్టి చూసి, చూసిన సంగతి ఫోనులో పంపే పథకం అది. ఎవరికి వారు ఒక చెట్టును ఎంచుకోవాలి. వారం వారం దాని దగ్గరికి పోయి చిగురుందా, పువ్వుందా, కాయ ఉందా చూసి, ఉన్నది ఉన్నట్టు నొక్కి పంపాలి. దేశంలో నలుమూలల నుంచి వచ్చినవన్నీ ఒకచోట చేర్చి, ఎండలూ వానలూ మారుతుంటే చెట్లు ఎలా మారుతున్నాయో శాస్త్రం చదివినవాళ్లు లెక్క కడతారు. మౌలాలి దర్గా వెనక వాలులో ఉన్న రేల చెట్టును ఎంచుకున్నాడు. ఎండాకాలంలో పసుపుపచ్చ పూలగుత్తులు జడకుచ్చుల్లా వేలాడే చెట్టు.

మొదట్లో ఎంతో శ్రద్ధగా చేశాడు. మెట్లు దిగి వెళ్లి చెట్టు చుట్టూ తిరిగేవాడు, మెడ నొప్పి పుట్టేదాకా కొమ్మకొమ్మా చూసేవాడు, ఫోటో తీసి జతచేసేవాడు. పోనుపోను ఆ చెట్టు సంగతంతా నోటికి వచ్చేసింది. ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు పూస్తుందో అతనికి తెలియంది లేదు. ఇక మెట్లు దిగడం మానేశాడు. దర్గా వసారాలో కూర్చుంటే చెట్టు తల కనిపిస్తూనే ఉంటుంది. తర్వాత తర్వాత తల ఎత్తి అదైనా చూసేవాడు కాదు. వానలు వెనకబట్టాక రేల పూయదు గదా, పూలు లేవు అని నొక్కేస్తే సరిపోయేది.

ఒక్క వారం కూడా తప్పకుండా పంపేవాళ్లలో జిల్లా మొత్తానికి అతని పేరే పైన ఉండేది. దర్గాకు వచ్చినవాళ్లకు ఫోను తీసి చూపించేవాడు. కొండ కింద టీకొట్టు హుసేనప్ప, "ఏమబ్బా, మీ చెట్టు పొద్దున సద్ది తినిందా?" అని వేళాకోళం చేసేవాడు. మౌలాలి పట్టించుకునేవాడు కాదు. పట్నంలో సభ పెట్టి అతని చేత నాలుగు మాటలు చెప్పిస్తామని కూడా కబురు వచ్చింది.

అంతలో ఆ ఫోను వచ్చింది. చేసింది పథకం నడిపే హేమనళిని మేడం. దర్గాకు వచ్చిన భక్తులెవరో అదే చెట్టుకు ఫోటో తీసి పంపారట. లోయ వైపు కొమ్మ నిండా పూలున్నాయట. దసరా వెళ్లిన తర్వాతి వారం అది. అదే వారం మౌలాలి పూలు లేవని పంపాడు.

ఆవిడ కోప్పడలేదు. "రేల ఎండాకాలంలో పూస్తుందని మాకు తెలుసు మౌలాలి గారూ. పూయకూడని నెలలో పూసినప్పుడే మీ కన్ను మాకు కావాల్సింది" అంది.

పొరపాటు ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఇదొక్కటే అన్నాడు మౌలాలి. అయితే మీరు వారం వారం చెట్టు చూస్తారని అక్కడి పెద్దమనిషి ఎవరైనా ఒక మాట చెబితే చాలు, మిగిలినవన్నీ ఉంచుతాం అంది. లేకపోతే ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో మాకు తెలిసే దారి లేదు, మొదటినుంచీ పంపినవన్నీ పక్కన పెట్టాల్సి వస్తుందని కూడా చెప్పింది.

ఫోను పెట్టేసి మౌలాలి వాలులోకి పరిగెత్తాడు. పూలు చాలావరకు రాలిపోయి నేలమీద పడున్నాయి. లోయ వైపు కొమ్మకు మాత్రం రెండు గుత్తులు మిగిలి ఉన్నాయి.

ఆ రాత్రే జ్వరం తగులుకుంది. సభలో మాట్లాడే మాట దేవుడెరుగు, మొదట్లో ఎండలో నిలబడి నిజంగా చూసి పంపినవి కూడా పోతాయన్న బాధే అతన్ని ఎక్కువగా తిన్నది. తాత ఒక్క మాట చెబితే అన్నీ నిలబడతాయి. తాత మాటను కాదనేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

మర్నాడు పొద్దున తాత అతని చెయ్యి పట్టుకుని నాడి చూసి కషాయం పోశాడు. తాత నాడి చూడటం అంటే అంత తొందరగా తెమిలే పని కాదు. కళ్లు మూసుకుని వేళ్లు ఆనించి కూర్చున్నాడంటే, వెనక కూర్చున్నవాళ్లు విసుక్కోవాల్సిందే. ఎన్నో ఏళ్లుగా వస్తున్న ముసలమ్మ అయినా, కొత్తగా వచ్చిన మనిషి అయినా ఆయనకు ఒకటే. అప్పుడు అడగడానికి మౌలాలికి నోరు రాలేదు.

ఆ మర్నాడు ధైర్యం తెచ్చుకుని అడిగాడు. ఫోటో సంగతీ, మేడం అన్న మాటా చెప్పాడు. మెట్లు దిగడం మానేసిన సంగతి మాత్రం చెప్పలేదు.

"నేను వారం వారం చెట్టు చూస్తాండానని ఆ మేడంకు ఒక్క మాట చెప్పండి తాతా."

తాత పొయ్యి ముందు కూర్చుని కషాయం కలుపుతున్నాడు.  మౌలాలి కాసేపు చూసి, నిన్నటిలాగే ముందుకు జరిగి చెయ్యి చాచాడు.

"జ్వరం తగ్గింది. లెయ్, నీళ్లు తేపో" అన్నాడు తాత. ఆయన చూపు గిన్నె మీదే ఉంది.

మౌలాలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కప్పుకున్న దుప్పటి కూడా వణుకుతోంది. చాచిన చెయ్యి అలాగే ఉంచాడు.

"చెయ్యి పట్టుకోకనే చెప్తాండారే తాతా."

"నిన్న పట్టుకున్నా గదా."

మౌలాలికి ఒళ్లు మండింది. నిన్నటి నాడి ఈ పొద్దుకు ఎట్ల పనికొస్తుందని అడగబోయి ఆగిపోయాడు.  మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తాత తన కంబళి తెచ్చి అతని భుజాల మీద వేసి, వేడివేడి కషాయం చేతికిచ్చి, బయట ఎదురుచూస్తున్నవాళ్లను లోపలికి రమ్మన్నాడు. చెట్టు మాట మళ్లీ ఎత్తలేదు.

ఎండ పైకెక్కాక మౌలాలి వసారాలో గోడకు ఆనుకుని మేడంకు ఫోను చేశాడు. పొరపాటు ఆ ఒక్కటే కాదనీ, చాలా వారాలు కూర్చున్నచోటు నుంచే పంపాననీ చెప్పాడు. అవి ఏవేవో చెప్పగలరా అని ఆవిడ అడిగింది. అక్కడే అతనికి చిక్కొచ్చింది. నీళ్లకు పోతూ పోతూ చెట్టును చూసిన వారాలు కూడా ఉన్నాయి. అవి ఏవో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఫోటో ఉన్నవి తప్పకుండా చూసినవే, అవి ఉంచండి, తక్కినవన్నీ తీసేయండి అన్నాడు.

"వాటిల్లో మీరు నిజంగా చూసినవి కూడా ఉంటాయి కదండీ" అంది ఆవిడ.

"ఉంటాయి మేడం. ఏవో నాకు తెలీదు."

 సభ సంగతి ఆవిడ ఎత్తలేదు, ఇతను అడగలేదు. అవన్నీ తీసేస్తే మీ పేరు అట్టడుగుకు పోతుందని మాత్రం చెప్పింది. పోనీండి అన్నాడు మౌలాలి.

తర్వాత ఆవిడ మామూలుగా అడిగింది, ఇప్పుడు చెట్టుకు పూలున్నాయా అని.

మొన్న చూసినప్పుడు లోయ వైపు రెండు గుత్తులున్నాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉండండి మేడం" అన్నాడు మౌలాలి. "పోయి చూసి చెప్తా."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, కంబళి బిగించి కప్పుకుని, ఒక్కో మెట్టూ పట్టుకుంటూ దిగడం మొదలుపెట్టాడు.

అమ్మాయ్ వకుళా, నేను చెప్పిందంతా రాసుకున్నావు గదా, ఇందులో పేర్లు ఒకసారి సరిచూడు. మౌలాలి పేరు, తాత పేరు సరైనవే. ఆ మేడం హేమనళినో, హేమలతో నాకు గట్టిగా తెలియదు. మీ పెదనాన్నను అడిగి రాయి.