బూడిద మనిషి జోకు

మంజీర రాసిన డైలాగు విల్సన్ నోట రానంది.

తెర మీద బొమ్మ నడుస్తోంది. మైకు పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. విల్సన్ మాత్రం గొంతు సవరించుకోవడం దగ్గరే ఆగిపోతున్నాడు. చివరికి చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుని, "ఇదొక్కటీ వద్దు మేడమ్. మిగతా జోకులన్నీ చెప్పేశాను. ఇదీ బాగానే ఉంది గానీ నా వల్ల కావట్లేదు," అన్నాడు.

విల్సన్ కొత్తవాడేమీ కాదు. రాక్షసుడికీ, పూజారికీ, ఆఖరికి మాట్లాడే కుక్కపిల్లకీ గొంతిచ్చినవాడు. అలాంటివాడు ఒక్క మాట దగ్గర మొరాయించేసరికి మంజీరకు ఒళ్లు మండింది. జోకు బాగాలేదంటే సరేనని మార్చేది. బాగానే ఉందంటూ చెప్పనంటే ఏమనుకోవాలి?

ఆ సినిమా పేరు 'బూడిద మనిషి'. పరాయి దేశపు బొమ్మల పుస్తకంలోంచి తెరకెక్కిన కథ. మంటలార్పే ఉద్యోగి ఒకడు ఊళ్లో అందరి ఇళ్లూ కాపాడి, తన ఇంటికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. కూతురు లోపలే ఉండిపోతుంది. అప్పటినుంచి వాడు మొహానికి నల్ల ముసుగు తగిలించుకుని, ఇళ్లు తగలబెట్టేవాళ్లను వేటాడుతూ తిరుగుతాడు. ఆ ముసుగు కళ్ల కింది నుంచి గడ్డం దాకా ఉంటుంది. సినిమా మొత్తంలో ఒక్కచోట కూడా వాడి నోరు కనబడదు. అసలు భాషలో వాడు మాట్లాడేదీ తక్కువే.

డబ్బింగ్ రాసేవాళ్లకు ఇంతకంటే పండగ లేదు. మామూలు పాత్రకైతే పెదవి తెరుచుకున్నప్పుడే మాట మొదలవ్వాలి, మూసుకున్నప్పుడు ఆగిపోవాలి. ఆ కొలతకు సరిపడే తెలుగు మాట దొరక్క జుట్టు పీక్కోవాలి. మనిషి వీపు తిప్పినా, ముసుగేసినా ఆ బాధ ఉండదు. వాడు మౌనంగా నిలబడ్డ చోట కూడా మనం ఏదో ఒకటి ఇరికించవచ్చు, అడిగేవాడు లేడు.

ఇరికించమని చెప్పింది చలమయ్య. సినిమాను తెలుగులోకి తెస్తున్నది ఆయనే. "ఇంత చీకటి సినిమా మనోళ్లు చూడరమ్మాయ్. హీరో చేత నాలుగు జోకులేయించు. నేను నవ్వితే జనం నవ్వినట్టే. టైటిల్స్‌లో నీ పేరొక్కటే వేయిస్తా. నవ్వకపోతే మాత్రం ఇంకో రైటర్ని చూసుకుంటా, తర్వాత నన్ననుకుని లాభం లేదు," అని మొదటిరోజే తేల్చేశాడు.

ఇన్నాళ్లూ మంజీర రాసిన మాటలు వేరేవాళ్ల పేర్ల కిందే తెర మీదికెళ్లాయి. హాల్లో జనం పడీపడీ నవ్వుతుంటే, ఆ నవ్వు తనదని పక్క సీటువాడికి కూడా చెప్పుకోలేక కూర్చుంది. అందుకే ఈసారి నాలుగు చాలవనుకుంది. బూడిద మనిషి కనబడ్డ చోటల్లా జోకు పెట్టింది.

విల్సన్ మొరాయించిన సన్నివేశం ఇదీ. బూడిద మనిషి కాలిపోయిన తన ఇంట్లోకి వచ్చి, కూతురి మంచం ఉండే మూల నిలబడతాడు. వెనకనుంచి పాత స్నేహితుడొకడు వచ్చి, "ఇంకా ఇక్కడికే వస్తున్నావా?" అని అడుగుతాడు. అసలు భాషలో దానికి జవాబు లేదు. మంజీర జవాబు రాసింది: "ఏం చెయ్యమంటావు, ఊరంతా దోమలు. ఇక్కడొక్కచోటే పొగ వాసన."

మర్నాడు చలమయ్య సినిమా చూడటానికి వచ్చి కూర్చుంటాడు. ఈలోగా ఆ మాట ఉంచాలో తీసెయ్యాలో తేలాలి. మంజీర స్టూడియోలోంచి బయటపడి నేరుగా గురువుగారి ఇంటికి వెళ్లింది.

పరాంకుశం శేషాచారి గారంటే సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో తెలియనివాళ్లు లేరు. ఏ భాష హాస్యాన్నైనా ఇక్కడిదే అనిపించేలా తిప్పి రాసిన మనిషి. మంజీర మెదక్ నుంచి వచ్చిన కొత్తలో ఆయన పక్కన కూర్చునే పని నేర్చుకుంది. 'నోరు కనబడకపోతే మాట మనదే' అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. ఆ ఒక్క పాఠంతోనే ఆమె ఇంతదూరం వచ్చింది.

కిందటి నెలలో ఆయన భార్య కనకవల్లి పోయింది. పొద్దున పూలు కోస్తూ కోస్తూ పెరట్లోనే ఒరిగిపోయిందట. పలకరించడానికి వెళ్లినరోజు మంజీరకు ఇంకా గుర్తే. గదినిండా జనం, ఎవరికీ మాట పెగలడం లేదు. గురువుగారు అటు తిరిగి కూజాలోంచి నీళ్లు వంచుకుంటూ ఆవిడ మీద ఏదో చమత్కారమాడారు. అందరూ గొల్లున నవ్వారు. మంజీర కూడా నవ్వింది. చావింట్లో ఎవరైనా ముందు నవ్విస్తే చాలు, ఎప్పుడెప్పుడా అని కాచుకున్నట్టు నవ్వేస్తారు జనం. ఎంత గట్టి మనిషి అని దారిపొడుగునా ఆయన్ను మెచ్చుకుంటూ వెళ్లారు.

ఇప్పుడు గుమ్మంలో కనకవల్లిగారి చెప్పులు అలాగే ఉన్నాయి. మంజీర తన చెప్పులు కాస్త ఎడంగా విడిచి లోపలికి వెళ్లింది.

"రామ్మా. కాఫీ తాగుతావా? నేనే పెడతాను. వద్దంటే నీ ఆరోగ్యానికే మంచిది," అన్నారు గురువుగారు.

మంజీర వద్దని నవ్వి, సంగతంతా చెప్పింది. ఆ సన్నివేశం ఎలా ఉంటుందో చెప్పింది. డైలాగు చదివింది.

"బావుంది," అన్నారాయన.

"మరి విల్సన్ నోటికెందుకు వస్తలేదు గురువుగారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"మీరే గద చెప్పిండ్రు, నోరు కనవడకుంటే మాట మనదే అని. నేను గదే చేసిన. చలమయ్య సారేమో హీరో నవ్వియ్యాలె అంటడు. విల్సనేమో అసుంటోడు జోకులెయ్యడు అన్నట్టు నా దిక్కు చూస్తడు. మీరు చెప్పుండ్రి. అంత దుఃఖమున్నోడు జోకులేస్తడా, వెయ్యడా? రేపు సారు నవ్వకుంటే నా పేరు పోతది."

గురువుగారు భుజం మీది తువ్వాలు తీశారు. కళ్ల కింది నుంచి గడ్డం దాకా మొహానికి చుట్టుకుని మెడ వెనక ముడేసుకున్నారు. పడక్కుర్చీ కిటికీకి ఎదురుగా జరుపుకుని కూర్చున్నారు. కిటికీ వెలుతురు కళ్లద్దాల మీద పడి, కళ్లు కూడా కనబడకుండా పోయాయి.

"ఇప్పుడు నేనూ బూడిద మనిషినే. అడుగు."

"ఏమడగాలె?"

"అమ్మగారేరీ అని అడుగు."

మంజీరకు అది నచ్చలేదు. అయినా గురువుగారి మాట కాదనే అలవాటు లేదు. "అమ్మగారు ఏరి గురువుగారూ?" అంది, తల దించుకుని.

తువ్వాలు వెనకనుంచి ఎప్పటి గొంతే వచ్చింది, ఎప్పటి కొంటెతనంతోనే. "దానికేమమ్మా, ఎక్కడికి బయల్దేరినా తయారవడానికి గంట పట్టేది. నన్ను గుమ్మంలో నిలబెట్టేసేది. ఈసారి చూడు, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది."

ఆరోజు కూజా దగ్గర అన్న మాటే. మంజీర ఆపుకుందామనుకుంది గానీ మళ్లీ నవ్వొచ్చేసింది. అసలా విరుపు అలాంటిది, తెలిసిన జోకైనా పట్టేసుకుంటుంది.

"మళ్లీ అడుగు," అన్నారాయన.

"అమ్మగారు ఏరి గురువుగారూ?" ఈసారి నవ్వుతూనే అడిగింది.

ఆయన జవాబు మొదలుపెడుతూ తువ్వాలు గడ్డం కిందికి లాగేశారు.

అవే మాటలు. అదే గొంతు. ఎక్కడా జీరబోలేదు, తడబాటు లేదు. కానీ కింది పెదవి ఒక పక్కకు ఈడ్చుకుపోయి వణుకుతోంది. మాటకూ మాటకూ మధ్య దాన్ని పళ్లతో గట్టిగా పట్టి ఆపుతున్నారు. వదిలీ వదలగానే మళ్లీ వణుకుతోంది. 'గుమ్మంలో' అన్నచోట గడ్డం మొత్తం అదిరింది. 'చెప్పులు' అన్నప్పుడు నోరు తెరుచుకుంది గానీ మూసుకోవడానికి చాలాసేపు పట్టింది. మంజీర చూడలేకపోయింది. చూపు తిప్పుకుందామన్నా తిప్పుకోలేకపోయింది. ఆరోజు ఆయన వీపు చూసి నవ్వినవాళ్లలో తనూ ఉంది.

ఆయన జోకు పూర్తిచేశారు. మధ్యలో ఆపలేదు.

గురువుగారు తువ్వాలు ముడి విప్పుకుని, దాంతోనే మూతి తుడుచుకుని, మళ్లీ భుజాన వేసుకున్నారు.

"మాట మనదేనమ్మా. నేను అబద్ధం చెప్పలేదు," అన్నారు. "నోరు మాత్రం వాడిదే."

మంజీర లేచి ఆయన కాళ్లకు దండం పెట్టింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే పక్కనున్న జత కాలికి తగిలి వంకరైంది. వంగి దాన్ని ఎప్పట్లాగే సర్ది వెళ్లింది.

మర్నాడు చలమయ్య రాకముందే ఆమె ఒక్కటి తప్ప జోకులన్నీ తనే కొట్టేసింది. విల్సన్ ఊపిరి పీల్చుకున్నాడు. కొట్టెయ్యకుండా మిగిలింది ఏదో చూసేసరికి మాత్రం ఆ ఊపిరి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇదేనా మేడమ్ ఉంచారు?"

"ఇదే."

"ఆయన నవ్వకపోతే మీ పేరు..."

"తెలుసు. చెప్తవా?"

విల్సన్ తల అడ్డంగా ఊపబోయాడు. మంజీర మైకున్న అద్దాల గది లోపలికి వచ్చి, తెరకు అడ్డంగా అతని ఎదురుగా నిలబడింది. తన చున్నీ కొస తీసి కళ్ల కిందికి పట్టుకుంది. అడగాల్సిన మాట తనే అడిగింది. "ఇంకా ఇక్కడికే వస్తున్నావా?"

అడిగి, గురువుగారిలాగే జవాబు కూడా తనే మొదలుపెడుతూ చున్నీ కిందికి జార్చింది. విల్సన్ వణుకుతున్న ఆమె నోటివైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకుని, ఎర్రదీపం వెయ్యమని సైగ చేశాడు.

చలమయ్య వచ్చాడు. నవ్వడానికి ముందే సిద్ధపడి, బొజ్జ మీద చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. సినిమా సగమయ్యేసరికి ఆ చేతులు విడిపోయాయి. "జోకులేవమ్మాయ్?" అన్నాడు. మంజీర వస్తుందన్నట్టు చెయ్యి చూపించింది.

కాలిపోయిన ఇల్లు వచ్చింది. స్నేహితుడు అడిగాడు. ముసుగు వెనకనుంచి విల్సన్ గొంతు హాయిగా, చమత్కారంగా పలికింది. "ఏం చెయ్యమంటావు, ఊరంతా దోమలు. ఇక్కడొక్కచోటే పొగ వాసన."

చలమయ్య నవ్వబోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. దీపాలు వెలిగాక కూడా చాలాసేపు తెల్లటి తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంకో రైటర్ మాట ఎత్తలేదు, పేరు మాటా ఎత్తలేదు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, లోగొంతుతో. "అది జోకే కదా?"

"జోకే సార్," అంది మంజీర.