ముగియని మనవి

ఆ రాజ్యంలో ఉరికి ముందు దోషి తరఫువాళ్లు ఒకే ఒక్క వాక్యం మనవి చేసుకోవచ్చు. అది ముగిసేదాకా తాడు బిగించకూడదు. రాజుగారి గుర్రం చచ్చిందని దాన్ని మేపే వీరిగాణ్ణి ఉరికంబం ఎక్కించారు. వాడి అక్క పోలమ్మ గొంతు విప్పింది.

"మహారాజా, నా తమ్ముడు, తల్లిలేని పిల్లాడు, మీ గుర్రాన్ని, అదీ ముసలిదైపోయింది పాపం, దాన్ని, తన గంజి దానికి తాపి మరీ..."

అక్కడే ఆగిపోయింది.

"నోట్లో తాటికాయ అడ్డంపడిందా? ముగించవే!" అన్నాడు రాజు. ఆమె పెదవి కదపలేదు.

"సరే! ఇకమీదట ఇది ఎవరితో ఏ మాటన్నా వాక్యం ముగిసినట్టే. ఆ క్షణమే వాణ్ణి ఉరితీయండి!"

వీరిగాడు బతికాడు. "అక్కా, ఒక్కసారి పేరెట్టి పిలవవే" అని ఏడిస్తే, పోలమ్మ వాడి తల నిమిరేది.

ప్రాణం పోయే ఘడియలో నాలుక పిడచగట్టినా, పక్కనే ఉన్న తమ్ముణ్ణి ఆమె నీళ్లడగలేదు.